నల్ల ద్రాక్షతో జర్మన్ ‘సెక్ట్’: సీసాపై మాటలకు అర్థమేమిటి, ఏ వంటకానికి ఏది జత?

జర్మనీలో స్పార్క్లింగ్ వైన్‌ను, అంటే గ్లాసులో పోయగానే బుడగలతో పొంగే వైన్‌ను ‘సెక్ట్’ అంటారు. జర్మన్ల ఉచ్చారణలో ఇది ‘జెక్ట్’. పెళ్లి, పదోన్నతి, పదవీ విరమణ, కొత్త సంవత్సరం వంటి సందర్భాల్లో అతిథుల చేతికి ముందుగా అందేది ఇదే. రీస్‌లింగ్ వంటి తెల్ల ద్రాక్షతో చేసిన సెక్ట్ ఎక్కువ మందికి పరిచయం. నల్ల ద్రాక్షతో చేసేది అంతగా తెలియదు. తెలుపు, గులాబీ, ఎరుపు అనే మూడు రంగుల్లో లభించే ఈ సెక్ట్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్వభావం, ఒక్కో రకమైన భోజనంతో పొత్తు ఉన్నాయి. సీసాపై ముద్రించిన మాటలను సరిగా చదవగలిగితే లోపలి రుచిని, దానికి సరిపడే వంటకాన్ని చాలావరకు ముందే ఊహించవచ్చు. ఆ మాటల్లో కొన్ని మాత్రం పొరపాటు అర్థాన్నిస్తాయి.

పేరు వెనుక కథ

‘సెక్ట్’ అన్న మాట మొదట్లో బుడగల వైన్‌కు సంబంధించినది కాదు. స్పెయిన్ నుంచి వచ్చే షెర్రీ తరహా ఘాటైన వైన్‌ను ఆంగ్లేయులు ‘సాక్’ అనేవారు. షేక్‌స్పియర్ నాటకాల్లోని ఫాల్‌స్టాఫ్ పాత్రకు అది ప్రీతిపాత్రమైన పానీయం. జర్మన్ అనువాదంలో ఆ మాట ‘సెక్ట్’గా మారింది. 1825 ప్రాంతంలో బెర్లిన్‌లో ఆ పాత్రను పోషిస్తున్న ప్రసిద్ధ నటుడు లుడ్‌విగ్ డెవ్రియంట్, తాను తరచూ వెళ్లే లుటర్ అండ్ వెగ్నర్ పానశాలలో నాటక ఫక్కీలోనే ‘సెక్ట్’ తెమ్మని కేక వేశాడని, ఆయనకు అలవాటైన షాంపేన్‌ను పనివాడు తెచ్చి ఇచ్చాడని ప్రతీతి. అలా ఒక వేదిక మీది మాట బెర్లిన్ వాడుకలోకి, అక్కడి నుంచి దేశమంతటికీ పాకింది.

ఆ మరుసటి సంవత్సరమే, 1826లో, గేయోర్గ్ క్రిస్టియన్ కెస్లర్ ఎస్‌లింగెన్ పట్టణంలో తన సంస్థను ప్రారంభించాడు. ఆయన అంతకుముందు ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో, ప్రఖ్యాత క్లికో షాంపేన్ సంస్థలో పనిచేసి ఆ విద్య నేర్చుకున్నవాడు. నేటికీ కొనసాగుతున్న సెక్ట్ తయారీ సంస్థల్లో ఇదే అత్యంత పురాతనమైనది.

జర్మన్ తయారీదారులు తమ సరకుపై ‘షాంపేన్’ అని రాసుకునే ఆచారానికి మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత కుదిరిన 1919 నాటి వెర్సాయ్ ఒప్పందం తెర దించింది. దానితో ‘సెక్ట్’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరును తమ దేశానికే పరిమితం చేసుకోవాలని జర్మనీ తరువాత ప్రయత్నించినా, 1975లో ఐరోపా న్యాయస్థానం అందుకు అంగీకరించలేదు. ఈ తీర్పు ప్రభావం నేటి లేబుళ్లపైనా ఉంది.

ద్రాక్ష రంగు వేరు, వైన్ రంగు వేరు

మన బజారులో నల్ల ద్రాక్ష అని పిలిచేదాన్నే ఆంగ్ల వైన్ పరిభాషలో ఎర్ర ద్రాక్ష అంటారు. జర్మన్లు తమ రకాల పేర్లకు ముందు తరచుగా ‘నీలి’ అన్న విశేషణాన్ని చేరుస్తారు. మాటలు మూడైనా వస్తువు ఒక్కటే.

ఈ ద్రాక్షలో చాలా రకాలకు రంగు తొక్కలోనే ఉంటుంది. గుజ్జు, రసం దాదాపు రంగులేనివి. కాయలను నలిపి నానబెట్టకుండా, గుత్తులను మెల్లగా పిండి వెంటనే రసాన్ని వేరు చేస్తే తెల్లని వైన్ వస్తుంది. దీనిని ఫ్రెంచ్ మాటతో ‘బ్లాంక్ ద న్వార్’, అంటే ‘నలుపు నుంచి తెలుపు’ అంటారు. తొక్కలను కొన్ని గంటలు రసంలో ఉంచి తీసివేస్తే గులాబీ రంగు ‘రోజే’ సిద్ధమవుతుంది. తొక్కలతో కలిపి పులియబెడితే ముదురు ఎరుపు వస్తుంది. ఆ ఎర్ర వైన్‌కు బుడగలు చేర్చితే ‘రోట్‌సెక్ట్’, అంటే ఎర్ర సెక్ట్.

తొక్క నుంచి రంగు ఒక్కటే రాదు. నోటిలో వగరు పుట్టించే టానిన్లు కూడా దిగుతాయి. పచ్చి అరటికాయ కొరికినప్పుడు, చిక్కటి డికాక్షన్ తాగినప్పుడు నాలుక పట్టేసినట్లు అనిపించడానికి కారణం ఇటువంటి పదార్థాలే. ఏ సెక్ట్‌ను ఏ వంటకంతో వడ్డించాలన్న నిర్ణయం ప్రధానంగా ఈ వగరు మోతాదుపై ఆధారపడుతుంది.

ప్రధాన ద్రాక్ష రకాలు

నల్ల ద్రాక్ష సెక్ట్‌లో అగ్రస్థానం ‘ష్పేట్‌బుర్గుండర్’ రకానిది. ఫ్రెంచ్ వారి పినో న్వార్ ఇదే. ‘ఆలస్యంగా పండే బర్గండీ ద్రాక్ష’ అన్నది పేరుకు అర్థం. జర్మనీలో 11 వేల హెక్టార్లకు పైగా సాగవుతున్న ఈ రకానికి తొక్క పలుచన, వగరు తక్కువ, పులుపు ఎక్కువ. మూడు రంగుల సెక్ట్‌కూ ఇది పనికివస్తుంది.

దీనికి దగ్గరి బంధువు ‘ష్వార్ట్స్‌రీస్‌లింగ్’. పేరుకు ‘నల్ల రీస్‌లింగ్’ అని అర్థమున్నా రీస్‌లింగ్‌తో దీనికి సంబంధం లేదు. షాంపేన్ ప్రాంతంలో పినో మ్యునియే అని పిలిచే రకమే ఇది. దక్షిణాదిన వ్యూర్టెంబెర్గ్ ప్రాంతంలో విరివిగా పండుతుంది. అదే ప్రాంతానికి చెందిన ‘ట్రోలింగర్’ తేలికైన, లేత ఎరుపు వైన్‌ను ఇస్తుంది. ఆ పేరు ఆల్ప్స్ పర్వతాల్లోని టిరోల్ ప్రాంతం నుంచి వచ్చిందని భావిస్తారు. ‘లెంబెర్గర్’ ఇంకొంచెం గట్టి రుచి కలది. ఆస్ట్రియాలో దాన్ని బ్లౌఫ్రెంకిష్ అంటారు.

‘డోర్న్‌ఫెల్డర్’ ఆధునిక కాలపు సృష్టి. వైన్స్‌బెర్గ్ ద్రాక్షసాగు విద్యాసంస్థలో ఆగస్ట్ హెరాల్డ్ 1955లో రెండు రకాలను సంకరం చేసి దీన్ని రూపొందించాడు. ఆ విద్యాసంస్థ స్థాపనకు కృషి చేసిన డోర్న్‌ఫెల్డ్ పేరునే ద్రాక్షకు పెట్టారు. ముదురు రంగు, చెర్రీ, బ్లాక్‌బెర్రీ వాసనలు దీని గుర్తులు.

ప్రాంతాలలో రైన్ నది ఒడ్డున ఉన్న అస్‌మన్స్‌హౌజెన్‌ను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రీస్‌లింగ్‌కు పేరుపొందిన రైన్‌గౌ ప్రాంతంలో ఇది ష్పేట్‌బుర్గుండర్‌కు కోటవంటిది. ఇక్కడి హోలెన్‌బెర్గ్ అనే ఏటవాలు పలకరాతి తోట పేరు వినగానే ‘నరకపు కొండ’ అని తోస్తుంది. వాస్తవానికి ఏటవాలు నేలను సూచించే పాత మాట నుంచి ఆ పేరు వచ్చిందని వివరిస్తారు. ఎర్ర సెక్ట్‌కు ఈ ఊరు చిరకాలంగా ప్రసిద్ధి.

బుడగలు ఎలా పుడతాయి?

మొదట మామూలు వైన్ తయారుచేస్తారు. దానికి పంచదార, ఈస్ట్ కలిపి గాలి బయటకు పోకుండా మూసి రెండోసారి పులియబెడతారు. ఈస్ట్ పంచదారను తింటూ ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను విడుదల చేస్తుంది. తప్పించుకునే దారి లేక ఆ వాయువు వైన్‌లోనే కరిగిపోతుంది. లీటరుకు సుమారు 4 గ్రాముల పంచదార ఒక బార్ ఒత్తిడిని పుట్టిస్తుంది. అందుకే 6 బార్ల ఒత్తిడి కావాలంటే 24 గ్రాముల వరకు చేర్చుతారు. సెక్ట్ అనిపించుకోవాలంటే 20 డిగ్రీల సెల్సియస్ వద్ద కనీసం 3.5 బార్ల ఒత్తిడి ఉండాలి.

ఈ రెండో పులియబెట్టడం పెద్ద స్టీలు ట్యాంకులో జరగవచ్చు, లేదా విడివిడిగా సీసాల్లో జరగవచ్చు. మార్కెట్‌లోని సెక్ట్‌లో అత్యధిక భాగం ట్యాంకు పద్ధతిలో వచ్చినదే. చవకగా ఉంటుంది, పండ్ల వాసన తాజాగా నిలుస్తుంది. సంప్రదాయ సీసా పద్ధతిలో వైన్ కనీసం 9 నెలలు ఈస్ట్ మడ్డితో కలిసి ఉంటుంది. ఆ సమయంలో కాల్చిన రొట్టెను తలపించే వాసన, సన్నని బుడగలు వస్తాయి. చివరికి సీసాలను తలకిందులుగా వంచి, మడ్డిని మూతి వద్దకు చేర్చి తొలగిస్తారు. ఆ ఖాళీని కొద్దిపాటి తీపి కలిపిన వైన్‌తో నింపి బిరడా బిగిస్తారు. రుచి ఎంత తియ్యగా ఉండాలన్నది నిర్ణయమయ్యేది ఈ ఆఖరి దశలోనే.

ఎర్ర సెక్ట్ ఎందుకు అరుదు?

చల్లదనం వగరును, చేదును ఎత్తి చూపుతుంది. బుడగల్లోని కార్బన్ డయాక్సైడ్ నాలుకపై కార్బోనిక్ ఆమ్లంగా మారి చురుక్కుమనిపిస్తుంది. ఈ రెండింటికీ ఎర్ర వైన్ టానిన్లు తోడైతే నోరు బిగదీసినట్లవుతుంది. బుడగలు నిలవాలంటే వైన్ చల్లగా ఉండాలి, వగరు మెత్తబడాలంటే వైన్ కాస్త వెచ్చగా ఉండాలి. తయారీదారును ఇబ్బందిపెట్టే మొదటి చిక్కు ఇదే.

రెండోది తోటలో ఎదురవుతుంది. రెండోసారి పులిసినప్పుడు ఆల్కహాల్ మరింత పెరుగుతుంది కాబట్టి సెక్ట్‌కు ఉద్దేశించిన ద్రాక్షను తీపి మితంగా, పులుపు ఎక్కువగా ఉన్నప్పుడే, అంటే ముందుగానే కోయాలి. ఎర్ర వైన్‌కు కావలసిన తొక్క మాత్రం ఆలస్యంగా పండుతుంది. ముందు కోస్తే పచ్చి వగరు, ఆలస్యం చేస్తే ఘాటు. ఈ రెంటి నడుమ సరైన రోజును పట్టుకోగల రైతు చేతిలోనే మంచి ఎర్ర సెక్ట్ పుడుతుంది. తొక్కలను తక్కువ రోజులు నానబెట్టడం, చివర్లో కొంచెం తీపి ఎక్కువ కలపడం కొందరు అనుసరించే ఉపాయాలు.

దీనికి పోలికలు ఇతర దేశాల్లోనూ ఉన్నాయి. ఇటలీ వారి లాంబ్రుస్కో, ఆస్ట్రేలియా వారి బుడగల షిరాజ్ ఈ కోవకు చెందినవే. అవి తమ దేశాల్లో సొంత స్థానం సంపాదించుకోగా, జర్మనీలో ఎర్ర సెక్ట్ నేటికీ అల్పసంఖ్యాక వర్గమే. విందు మొదట్లో విడిగా తాగే పానీయంగా అది అంతగా రాణించదు. భోజనం పక్కన చేరినప్పుడే దాని విలువ తెలుస్తుంది.

‘ట్రోకెన్’ అంటే పొడి, కానీ రుచి తీపి

జర్మన్ భాషలో ‘ట్రోకెన్’ అంటే పొడి. వైన్ పరిభాషలో తీపి లేనిదని భావం. మామూలు వైన్ సీసాపై ఈ మాట ఉంటే లీటరుకు గరిష్ఠంగా 9 గ్రాముల చక్కెర మాత్రమే ఉంటుంది. సెక్ట్ సీసాపై అదే మాట ఉంటే 17 నుంచి 32 గ్రాముల వరకు ఉండవచ్చు. పంతొమ్మిదో శతాబ్దంలో బుడగల వైన్లు ఇంతకంటే ఎంతో తియ్యగా ఉండేవి. వాటితో పోల్చి పెట్టిన పేర్లే నేటికీ చట్టంలో నిలిచాయి. లీటరుకు ఉండే చక్కెర ప్రకారం వరుస ఇది:

బ్రూట్ నాటుర్: 3 గ్రాముల కంటే తక్కువ
ఎక్స్‌ట్రా బ్రూట్: 6 గ్రాముల వరకు
బ్రూట్: 12 గ్రాముల కంటే తక్కువ
ఎక్స్‌ట్రా ట్రోకెన్: 12 నుంచి 17 గ్రాములు
ట్రోకెన్: 17 నుంచి 32 గ్రాములు
హాల్బ్‌ట్రోకెన్: 32 నుంచి 50 గ్రాములు
మిల్డ్: 50 గ్రాములకు పైన

తీపి వద్దనుకునేవారు ‘బ్రూట్’ లేదా అంతకంటే పైనున్న మాటల కోసం చూడాలి. మాంసపు వంటకానికని కొన్న ‘ట్రోకెన్’ ఎర్ర సెక్ట్ తియ్యగా తగిలి నిరాశపరచడానికి, చాక్లెట్ కేక్ పక్కన పెట్టిన ‘బ్రూట్’ పుల్లగా, చేదుగా అనిపించడానికి కారణం ఈ తేడాను గమనించకపోవడమే.

మూలాన్ని చెప్పే మాటలు

కేవలం ‘సెక్ట్’ అని ఉంటే అందులోని మూల వైన్ ఇటలీ, స్పెయిన్ వంటి దేశాల నుంచి వచ్చినదై ఉండవచ్చు. ‘డాయిచర్ సెక్ట్’ అని ఉంటే జర్మనీలో పండిన ద్రాక్షతోనే చేసినది. ‘సెక్ట్ బి.ఎ.’ అంటే దేశంలోని 13 నాణ్యమైన వైన్ ప్రాంతాల్లో ఒకదానికి చెందినదని అర్థం. ‘వింట్సర్‌సెక్ట్’ అంటే రైతు తన సొంత ద్రాక్షతో సంప్రదాయ సీసా పద్ధతిలో చేయించినది. ద్రాక్ష రకం, పంట సంవత్సరం కూడా దానిపై ఉంటాయి. నల్ల ద్రాక్ష సెక్ట్ అసలు రుచి తెలుసుకోదలచినవారికి ఈ చివరిదే సరైన ప్రారంభం.

ఎరుపు అన్న మాట కనిపించగానే ఎర్ర వైన్ అనుకోనవసరం లేదు. జర్మనీలో ఇంటింటా తెలిసిన ‘రోట్‌కెప్‌షెన్’ బ్రాండుకు ‘చిన్న ఎర్ర టోపీ’ అని అర్థం. సీసా మూతిపై చుట్టే ఎర్ర రేకు వల్ల 1894లో వచ్చిన పేరది. లోపలి వైన్ రంగుతో దానికి సంబంధం లేదు.

ధరలో ఒక భాగం చరిత్రకు చెల్లించే మూల్యం. నౌకాదళ విస్తరణకు నిధుల కోసం జర్మన్ సామ్రాజ్యం 1902లో సెక్ట్‌పై పన్ను విధించింది. 1933లో ఎత్తివేసిన ఆ పన్ను 1939లో యుద్ధ అవసరాల పేరిట తిరిగి వచ్చింది. సామ్రాజ్యం, ఆ నౌకలు కాలగర్భంలో కలిసినా ముప్పావు లీటరు సీసాకు 1.02 యూరోల పన్ను నేటికీ కొనసాగుతోంది. బుడగలు లేని వైన్‌పై ఇటువంటి ఎక్సైజ్ భారం లేదు.

ఏ వంటకానికి ఏ రంగు?

జతకూర్పునకు నాలుగు సూత్రాలు చాలు. పులుపు, బుడగలు కొవ్వును కడిగి నోటిని తేలికపరుస్తాయి. మాంసంలోని ప్రొటీన్లు, కొవ్వు వగరును మెత్తబరుస్తాయి. ఉప్పు చేదును తగ్గిస్తుంది. మిఠాయి కంటే వైన్ తియ్యగా ఉండాలి, లేకపోతే వైన్ పుల్లగా మారిపోతుంది.

తెల్లని బ్లాంక్ ద న్వార్ (బ్రూట్): వగరు దాదాపు లేదు కాబట్టి సున్నితమైన వంటకాలకు అనుకూలం. వెన్నలో వేయించిన ట్రౌట్ చేప, కోడిమాంసం, దూడమాంసం, పుట్టగొడుగుల క్రీమ్ సాస్ దీనికి తగినవి. వసంతంలో మొదలై జూన్ 24తో ముగిసే తెల్ల ఆస్పరాగస్ కాలంలో, వెన్న, గుడ్డు సొనతో చేసిన హోలండేజ్ సాస్‌తో వడ్డించే ఆ దుంపలాంటి కాడలకు ఇది మంచి తోడు. బంగాళదుంప తురుముతో నూనెలో కాల్చే అట్లు, ఇతర వేపుళ్ల జిడ్డును కూడా విరుస్తుంది.

గులాబీ రంగు రోజే (బ్రూట్ లేదా ఎక్స్‌ట్రా ట్రోకెన్): పొగబెట్టిన సాల్మన్, రొయ్యలు, పలుచగా కోసిన పంది హ్యామ్, మెత్తని చీజ్‌లతో పొసగుతుంది. స్ట్రాబెర్రీలకు ఇంకొంచెం తీపి ఉన్నది ఎంచుకోవాలి.

ఎర్ర సెక్ట్ (బ్రూట్): దీని స్థానం ప్రధాన వంటకం పక్కన. కాల్చిన బాతు, నవంబరు 11న సెయింట్ మార్టిన్ పండుగకు ఎర్ర క్యాబేజీతో వడ్డించే హంసజాతి గూస్ పక్షి మాంసం ఇందుకు చక్కని ఉదాహరణలు. ఆ పక్షుల కొవ్వును పులుపు, బుడగలు కోస్తాయి. కొవ్వు, ప్రొటీన్లు వగరును మింగుతాయి. క్యాబేజీలోని యాపిల్ తీపి పండ్ల రుచితో కలుస్తుంది. అడవి పంది, జింక మాంసాన్ని పుల్లని బెర్రీ పండ్లతో వండే పద్ధతికీ ఇది సరిపోతుంది. రైన్‌లాండ్ ప్రాంతంలో నెత్తురు సాసేజ్‌ను బంగాళదుంప, యాపిల్ ముద్దతో తినే ‘హిమెల్ ఉన్ ఎర్ద్’ అనే వంటకం ఉంది. ‘ఆకాశం, భూమి’ అని దాని అర్థం. చెట్టున కాసే యాపిల్ ఆకాశం, మట్టిలో పెరిగే దుంప భూమి. ఉప్పు, కొవ్వు, తీపి కలిసిన ఆ పళ్లెం పక్కన ఎర్ర సెక్ట్ ఒదిగిపోతుంది. శాకాహారులకు వేయించిన పుట్టగొడుగులు, కాల్చిన బీట్‌రూట్, వ్యూర్టెంబెర్గ్ వారు స్పెట్స్‌లె నూడుల్స్‌తో తినే మసూర్ జాతి పప్పు ఉన్నాయి.

ఎర్ర సెక్ట్ (ట్రోకెన్ నుంచి మిల్డ్ వరకు): ఇది భోజనానంతర పానీయం. చెర్రీలు, క్రీమ్, చాక్లెట్‌తో చేసే బ్లాక్ ఫారెస్ట్ కేక్‌లోని చెర్రీ రుచిని వైన్‌లోని చెర్రీ వాసన బలపరుస్తుంది. ఎర్ర పండ్లను ఉడికించి గంజిలా చిక్కబరచే ‘రోటె గ్రూట్సె’, చేదు చాక్లెట్, ఉప్పగా ఉండే నీలి చీజ్ కూడా దీనికి తగినవే.

దూరంగా ఉంచవలసినవీ ఉన్నాయి. ఎర్ర వైన్‌లోని ఇనుము చేపల కొవ్వుతో కలిసినప్పుడు నీచు రుచిని పెంచుతుంది కాబట్టి నూనె ఎక్కువగా ఉండే చేపలతో ఎర్ర సెక్ట్ తగదు. వెనిగర్ దట్టించిన సలాడ్లు ఏ సెక్ట్ రుచినైనా చప్పబరుస్తాయి.

మన వంటకాల మాటేమిటి?

జర్మనీలో చదువు, ఉద్యోగాల నిమిత్తం ఉంటున్న తెలుగువారు సెక్ట్‌తో అతిథులను ఆహ్వానించే విందుల్లో దీన్ని ఎదుర్కొనడం మామూలే. ఇంటి భోజనం విషయానికి వస్తే పై సూత్రాలే వర్తిస్తాయి. మిరపలోని క్యాప్సైసిన్ పుట్టించే మంటను ఆల్కహాల్, బుడగలు, వగరు మూడూ పెంచుతాయి. తీపి తగ్గిస్తుంది. అందువల్ల కారం దట్టించిన వేపుడు, ఆవకాయ, గోంగూర మాంసం పక్కన బ్రూట్ ఎర్ర సెక్ట్ నోటిని మండిస్తుంది. ట్రోకెన్ లేదా హాల్బ్‌ట్రోకెన్ రోజే సహనంగా ఉంటుంది. కారం తక్కువగా ఉండే మిరియాల కోడి వేపుడు, పకోడీలు, తందూరీ పుట్టగొడుగుల వంటివాటికి బ్లాంక్ ద న్వార్ లేదా రోజే నప్పుతుంది. జామూన్, జిలేబీ వంటి పాకం మిఠాయిల ముందు మాత్రం ఏ సెక్ట్ తీపీ నిలవదు.

వడ్డించే తీరు

తెల్లని, గులాబీ సెక్ట్‌లను 6 నుంచి 8 డిగ్రీల వద్ద, ఎర్ర సెక్ట్‌ను 10 నుంచి 12 డిగ్రీల వద్ద వడ్డించడం మేలు. మరీ చల్లబరిస్తే వగరు పైకి వస్తుంది. సన్నని పొడవాటి గ్లాసులో బుడగలు అందంగా కనిపిస్తాయి, కానీ ఎర్ర సెక్ట్ వాసన తెలియాలంటే కొంచెం ఉబ్బెత్తు గ్లాసు వాడాలి. సీసాలోని ఒత్తిడి కారు టైరులోని దానికి రెట్టింపు కంటే ఎక్కువ కావచ్చు. బిరడాను మనుషులవైపు తిప్పకుండా, గట్టిగా పట్టుకుని, సీసాను నెమ్మదిగా తిప్పుతూ తీయాలి.

మద్యం ముట్టనివారు, శాకాహారులు గమనించవలసినవి

జర్మనీలో ‘ఆల్కొహోల్‌ఫ్రై’ అని రాసిన సెక్ట్ విరివిగా దొరుకుతుంది. ‘ఆల్కహాల్ లేనిది’ అన్నది మాటకు అర్థమైనా, 0.5 శాతం వరకు ఆల్కహాల్ ఉన్న పానీయంపై ఆ మాటను వాడవచ్చు. మత విశ్వాసం వల్ల గానీ, వైద్యుని సలహాపై గానీ పూర్తిగా దూరంగా ఉండదలచినవారు ‘0.0 శాతం’ అని స్పష్టంగా ఉన్నదాన్నే ఎంచుకోవాలి.

వైన్‌ను తేటపరచడానికి కొందరు గుడ్డు తెల్లసొన, పాల ప్రొటీన్, జెలటిన్, చేపల నుంచి తీసిన పదార్థాలను వాడతారు. అవి తర్వాత వడపోతలో తొలగిపోయినా, వద్దనుకునేవారు ‘వేగన్’ గుర్తు ఉన్న సీసాను చూసుకోవచ్చు. 2023 డిసెంబరు 8 తర్వాత ఉత్పత్తి అయిన వైన్లకు పదార్థాల జాబితా, పోషక వివరాలను ఐరోపా సమాఖ్య తప్పనిసరి చేసింది. సీసాపై ఉండే క్యూఆర్ కోడ్ ద్వారా వాటిని చదవవచ్చు.

మద్యానికి ఆరోగ్యపరంగా సురక్షితమైన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. ఎంత పేరున్న సెక్ట్ అయినా ఈ హెచ్చరికకు మినహాయింపు కాదు.